మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్: ఒకే ఊళ్ళో ఇంత పోటీ ఎందుకు?

మీరు అడిగినది ఇదీ. భీమవరం నుంచి ఉద్యోగరీత్యా కోల్‌కతా వెళ్ళారు. చేరిన కొద్ది రోజులకే ఆఫీసులో "మీరు మోహన్ బగానా, ఈస్ట్ బెంగాలా?" అని అడగడం మొదలుపెట్టారు. ఒకే ఊరు, ఒకే భాష, కూతవేటు దూరంలో మైదానాలు ఉన్న రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల మధ్య ఇంత పగ ఎందుకన్నది మీ సందేహం. మన జిల్లాలో సినిమా హీరోల అభిమానుల మధ్య ఉండే పోటీ లాంటిదేనా అన్నారు. భార్యనూ పిల్లవాడినీ తీసుకుని మ్యాచ్‌కు వెళ్ళడం క్షేమమేనా అని కూడా అడిగారు.

చేపల వ్యాపారం పని మీద నేను హౌరాలో చాలా ఏళ్ళు ఉన్నాను. మా ఆకివీడు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి ఐసులో సర్దుకుని లారీల్లో హౌరా టోకు మార్కెట్‌కు చేరితే, అక్కడ దింపించి, తూకం చూసి, కమీషన్ ఏజెంట్ల దగ్గర బాకీలు వసూలు చేయడం నా పని. చీకటితో మొదలై పొద్దెక్కేసరికి ముగిసే వ్యాపారం కావడంతో మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేవి. ఆ మధ్యాహ్నాలను కోల్‌కతా నడిబొడ్డున మైదాన్ అనే పెద్ద పచ్చిక బయలులో ఫుట్‌బాల్ చూస్తూ గడిపాను. రెండు క్లబ్బులవాళ్ళతోనూ వ్యాపారం చేశాను, రెండు గ్యాలరీల్లోనూ కూర్చున్నాను. ఆ పరిచయంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

ముందు సినిమా సంగతి తేల్చేద్దాం. పోలిక పైపైన సరిపోయినట్టే ఉంటుంది: జెండాలు, ఫ్లెక్సీలు, పాలాభిషేకాలు, వాదనలు. కానీ ఏ హీరోను అభిమానించాలో మన కుర్రవాడు తనంతట తాను ఎంచుకుంటాడు, పెద్దయ్యాక మార్చుకున్నా అడిగేవారుండరు. కోల్‌కతాలో మీ ఆఫీసు మిత్రుడు తన క్లబ్బును ఎంచుకోలేదు. వాళ్ళ తాత ఏ ఊళ్ళో పుట్టాడు, ఏ నది ఒడ్డు నుంచి వచ్చాడు అన్నదే ఎంచి పెట్టింది. అందువల్ల వాళ్ళు మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆట గురించి మాత్రమే అడగడం లేదు. మీరు ఆంధ్ర నుంచి వచ్చారు కాబట్టి మీకు ఆ బంధం లేదని వాళ్ళకూ తెలుసు. తమ ఇంటి మాటల్లోకి మిమ్మల్ని పిలుస్తున్నారు, అంతే.

ఇక కథ మొదటి నుంచి. మోహన్ బగాన్ 1889 ఆగస్టు 15న ఉత్తర కోల్‌కతాలో పుట్టింది. దానికి దేశమంతటా పేరు తెచ్చింది 1911 జూలై 29. ఐఎఫ్ఏ (ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్) షీల్డ్ అనే పోటీ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే బ్రిటిష్ సైనిక జట్టును 2-1తో ఓడించారు. పదకొండు మందిలో పదిమంది బూట్లు లేకుండా వట్టి కాళ్ళతో ఆడారు. ఒక గోలు కెప్టెన్ శివదాస్ భాదురీది, రెండోది అభిలాష్ ఘోష్‌ది. ఒక భారతీయ జట్టు ఆ షీల్డ్ గెలవడం అదే మొదటిసారి. ఆ రోజు మోహన్ బగాన్ ఒక పేటకో ఒక వర్గానికో చెందిన జట్టు కాదు, తెల్లవాడిని ఓడించిన భారతీయుల జట్టు. ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత పనికి వస్తుంది. ఇప్పటికీ ఏటా జూలై 29ని క్లబ్బు పండుగలా జరుపుకుంటుంది.

ఈస్ట్ బెంగాల్ పుట్టుక వెనుక ఉన్నది ఒక అవమానం. 1920 జూలై 28న కూచ్ బిహార్ కప్పులో మోహన్ బగాన్‌తో జోడాబగాన్ అనే జట్టు ఆడవలసి ఉంది. ఆ జట్టు శైలేష్ బోస్ అనే మంచి ఆటగాడిని పక్కనపెట్టింది. సరైన కారణం చెప్పలేదు. అతను తూర్పు బెంగాల్ వాడు కాబట్టే తప్పించారని ఆ ప్రాంతంవాళ్ళు బాధపడ్డారు. జోడాబగాన్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి అతన్ని ఆడించమని అడిగి, మాట నెగ్గకపోవడంతో క్లబ్బు వదిలి బయటికి వచ్చేశారు. ఆయనా ఆయన మిత్రులూ కలిసి నాలుగు రోజుల్లో, ఆగస్టు 1న, ఈస్ట్ బెంగాల్ క్లబ్బు స్థాపించారు. తమ ప్రాంతం పేరునే క్లబ్బుకు పెట్టుకున్నారు.

నాకు ఈ ఘట్టం చాలా ముఖ్యమైనదనిపిస్తుంది. ఒకే ఊళ్ళో రెండు జట్లు ఉన్నంతమాత్రాన గాఢమైన పోటీ రాదు. హైదరాబాద్‌లో, ముంబైలో, బెంగళూరులో ఎన్ని క్లబ్బులు లేవు? ఊళ్ళో కొందరికి "ఇక్కడ మాకు చోటు ఇవ్వలేదు" అన్న భావం కలిగి, ఆ చోటును తామే కట్టుకున్నప్పుడే ఇలాంటి పోటీ పుడుతుంది. ఈస్ట్ బెంగాల్‌కు ఆ భావం క్లబ్బు పుట్టాక కూడా పోలేదు. కలకత్తా లీగ్ మొదటి డివిజన్‌లో భారతీయ జట్లు రెండుకు మించి ఉండకూడదన్న నియమం అప్పట్లో ఉండేది. అది సడలాకే, 1925లో వాళ్ళు మొదటి డివిజన్‌లోకి రాగలిగారు. ఆ ఏడాది మే 28న జరిగిన మొదటి లీగ్ డెర్బీలో (ఒకే ఊరి రెండు జట్ల మధ్య మ్యాచ్‌ను డెర్బీ అంటారు) నేపాల్ చక్రవర్తి గోలుతో ఈస్ట్ బెంగాల్ 1-0తో గెలిచింది. కొత్తగా వచ్చినవాడు పాతవాడిని మొదటి దెబ్బకే ఓడించాడన్నమాట.

చాలామంది ఒక పొరపాటు చెబుతుంటారు, ఈస్ట్ బెంగాల్ దేశ విభజన కాందిశీకులు పెట్టుకున్న క్లబ్బు అని. కాదు. విభజనకు ఇరవై ఏడేళ్ళ ముందే క్లబ్బు ఉంది. 1947లో జరిగింది వేరు. లక్షల మంది తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ పొలమూ చెరువూ వదులుకుని వచ్చారు. సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద నెలల తరబడి బతికినవాళ్ళున్నారు. జాదవ్‌పూర్, బిజయ్‌గఢ్ వైపు ఖాళీ స్థలాల్లో తమ చేతులతో కాలనీలు కట్టుకున్నారు. వాళ్ళ యాస వేరు, వంట వేరు. పాత నగరవాసులు వాళ్ళను "బాంగాల్" అనేవారు, అందులో కొంత చులకన ఉండేది. వాళ్ళు పాతవాళ్ళను "ఘోటి" అనేవారు. అలాంటి సమయంలో పోయిన ప్రాంతం పేరును అలాగే నిలుపుకున్నది ఒక్క ఫుట్‌బాల్ జట్టే. దేశపటం మీద తూర్పు బెంగాల్ లేకుండా పోయింది, శనివారం సాయంత్రం మైదానంలో మాత్రం ఎరుపు, బంగారు రంగు చొక్కాలు వేసుకుని గెలుస్తూ ఉంది. అన్నీ పోగొట్టుకున్న మనిషికి అది ఎంత పెద్ద ఆసరా అయి ఉంటుందో ఊహించండి.

నాకు బాగా తెలిసిన ఒక ముసలి కమీషన్ ఏజెంటు ఉండేవారు. ఢాకా వైపు నుంచి చిన్నప్పుడు వచ్చారు. విభజన గురించి ఎప్పుడు అడిగినా మాట మార్చేవారు. కానీ ఈస్ట్ బెంగాల్ ఆడిన పాత మ్యాచుల గురించి మాత్రం ఎవరు పాస్ ఇచ్చారో, ఏ నిమిషంలో గోలు పడిందో వివరంగా చెప్పేవారు. ఆయన తన జీవితాన్ని ఆ మ్యాచుల గుర్తులతోనే చెప్పుకుంటున్నారని నాకు తర్వాత తర్వాత అర్థమైంది.

అయితే "బాంగాల్ అంటే ఈస్ట్ బెంగాల్, ఘోటి అంటే మోహన్ బగాన్" అని గీత గీసి చెబితే నమ్మకండి. 1911 షీల్డ్ గెలిచిన జట్టులో చాలామంది మూలాలు తూర్పు బెంగాల్‌లోనే ఉన్నాయి. మోహన్ బగాన్ చరిత్రలోనే పెద్ద డిఫెండర్, "చైనా గోడ" అని పేరు పొందిన గోష్ఠ పాల్ పుట్టింది ఫరీద్‌పూర్ ప్రాంతంలో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో. జీవితమంతా మోహన్ బగాన్‌కే ఆడి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణం తెచ్చిన జట్టుకు కెప్టెన్‌గా ఉన్న చునీ గోస్వామి కిశోర్‌గంజ్‌లో పుట్టారు, అదీ తూర్పు బెంగాలే. గ్యాలరీలో కూర్చునేవాడికి పుట్టుక ఒక గుర్తు కావచ్చు, ఈ రెండు క్లబ్బుల చొక్కా వేసుకుని ఆడినవాడికి ఆ గీత అడ్డు రాలేదు.

ఇప్పుడు మనకు బాగా దగ్గరైన సంగతి, చేపలు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వాళ్ళ ఇళ్ళలో ఇలీష్ వండుతారు. మోహన్ బగాన్ గెలిస్తే చింగ్రీ, అంటే రొయ్య. ఇలీష్ అంటే మన పులసే. సముద్రం నుంచి వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చి ధవళేశ్వరం ఆనకట్ట వరకూ చేరే ఆ చేపే, అక్కడ తూర్పు బెంగాల్‌లోని పద్మా నదిలోకీ, కోల్‌కతా పక్కన పారే హుగ్లీలోకీ ఎక్కుతుంది. మనకు పులస కాలం, వాళ్ళకు ఇలీష్ కాలం, కలకత్తా లీగ్ కాలం అన్నీ వానల్లోనే. పద్మా ఒడ్డు వదిలి వచ్చినవాళ్ళకు ఆ చేప ఎందుకంత ప్రాణమో గోదావరి ఒడ్డున పుట్టినవాడికి ఎవరూ వివరించనక్కర్లేదు. యానాం దగ్గర, రావులపాలెం దగ్గర పులస ధర విని బయటివాళ్ళు నోరు తెరుస్తారు. మనం మాత్రం బేరమాడుతూనే కొంటాం. వాళ్ళూ అంతే.

రొయ్య విషయంలోనూ మనకు చుట్టరికం ఉంది. అక్కడ విందుకు వాడేది పెద్ద తల, పొడుగు నీలి కాళ్ళు ఉన్న మంచినీటి రొయ్య, గల్దా చింగ్రీ అంటారు. కొబ్బరి పాలు పోసి వండుతారు. కోనసీమ వాళ్ళకు ఆ రుచి కొత్తగా అనిపించదు. చెరువుల్లో రొయ్య పెంచే భీమవరం నుంచి వెళ్ళిన మీరు, ఆఫీసులో ఎవరైనా "మీది ఏ జట్టు" అంటే "మా దగ్గర రెండూ దొరుకుతాయండి" అని నిజాయితీగా చెప్పవచ్చు. వ్యాపారిగా నేను చూసినది ఒకటి చెబుతాను. డెర్బీ జరిగిన మరుసటి ఉదయం గెలిచినవాళ్ళ సరుకు దగ్గర రద్దీ పెరిగేది, ధర చెప్పేవాడి గొంతు కూడా పెరిగేది. మేము తెచ్చే బొచ్చె, శీలావతి మాత్రం ఎవరు గెలిచినా ఒకేలా అమ్ముడుపోయేవి. రోజూ అన్నంలోకి తినే చేపకు జట్టు లేదు.

ఈ మరుసటి ఉదయమే ఒకే ఊరి పోటీకి అసలు బలం. వేరే ఊరి జట్టు చేతిలో ఓడితే, వాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోతారు. ఇక్కడ ఓడించినవాడు మీ వీధిలోనే ఉంటాడు. పాలప్యాకెట్టు కొనేచోట, ట్రామ్‌లో, ఆఫీసులో పక్క కుర్చీలో, కొన్నిసార్లు మీ ఇంట్లోనే కనిపిస్తాడు. ఘోటి, బాంగాల్ కుటుంబాల మధ్య పెళ్ళిళ్ళు మామూలే. అత్తవారిల్లు ఒక జట్టు, పుట్టిల్లు ఇంకో జట్టు అయిన ఇళ్ళు ఎన్నో నేను చూశాను. ఓటమిని ఎలా మోయాలో, గెలుపును ఎంతవరకు చూపించాలో ఆ ఇళ్ళలో పిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు.

ఇతర దేశాల్లోనూ ఇలాంటి జంటలున్నాయి. లివర్‌పూల్ నగరంలో ఆన్‌ఫీల్డ్ మైదానంలో మొదట ఆడింది ఎవర్టన్. అద్దె దగ్గర యజమానితో తగవు వచ్చి 1892లో వాళ్ళు వెళ్ళిపోతే, ఖాళీ మైదానం కోసం లివర్‌పూల్ క్లబ్బు పుట్టింది. మిలాన్‌లో విదేశీ ఆటగాళ్ళను తీసుకోవాలా వద్దా అన్న వాదనతో 1908లో ఒక వర్గం విడిపోయి ఇంటర్ పెట్టుకుంది. ఈ రెండూ ఇంట్లో చీలికలు, కాబట్టి ఆ నగరాల్లో అన్నదమ్ములు చెరొక జట్టు వైపు ఉండటం సహజం.

కోల్‌కతాకు దగ్గరగా వచ్చేది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో. అక్కడ రేంజర్స్ 1872లో మొదలైంది. ఐర్లాండ్ నుంచి కరువుకు వలస వచ్చిన పేద కాథలిక్కుల పిల్లలకు అన్నం పెట్టడానికి డబ్బు కూడబెట్టాలని బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే మతగురువు 1887లో సెల్టిక్ స్థాపించారు. అక్కడా వలస వచ్చినవాళ్ళు, అక్కడా ముందునుంచీ ఉన్నవాళ్ళు. కానీ మధ్యలో మతం ఉంది. దశాబ్దాల పాటు రేంజర్స్ కాథలిక్ ఆటగాళ్ళను తీసుకోకుండా ఉండేది. 1989లో మో జాన్‌స్టన్ అనే కాథలిక్‌ను తీసుకుంటే సొంత అభిమానులే కొందరు కండువాలు తగులబెట్టారు. కోల్‌కతాలో ఆ విషం లేదు. తేడా ఊరిది, యాసది, వంటింటిది. అందుకే అక్కడి పోటీ మాటల్లో ఎంత కరుకుగా ఉన్నా, మనుషులను విడదీసేంత దూరం పోలేదని నా గట్టి అభిప్రాయం. విభజన చూసిన నగరంలో ఇది చిన్న విషయం కాదు.

పాత మ్యాచుల గురించి కూడా కొంత తెలిసి ఉండాలి, లేకపోతే ఆఫీసు మాటలు అర్థం కావు. "అయిదు సున్నా" అని ఎవరైనా అంటే అది 1975 సెప్టెంబర్ 30. ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో గెలిచిన రోజు. 1970 నుంచి 1975 వరకు ఆరేళ్ళు వరుసగా లీగ్ కూడా వాళ్ళదే. ఆ ఫైనల్లో మోహన్ బగాన్ గోల్‌కీపర్ భాస్కర్ గంగూలీ చాలా చిన్నవాడు. నాలుగు గోల్స్ పడ్డాక అతన్ని తప్పించి వేరొకరిని దింపారు. అంత మంది ముందు అలా బయటికి నడిచివచ్చిన కుర్రవాడి ఆట అక్కడితో ముగిసిపోయి ఉండాలి. కానీ మరుసటి ఏడు అతన్ని పిలిచి తీసుకున్నది ఎవరనుకున్నారు? అదే ఈస్ట్ బెంగాల్. ఏళ్ళ తరబడి వాళ్ళ గోలు కాపాడి, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆ ఫైనల్లోనే రెండు గోల్స్ కొట్టిన శ్యామ్ థాపా తర్వాత మోహన్ బగాన్‌కు మారి, 1978లో ఈస్ట్ బెంగాల్ మీదే గాలిలో వెనక్కి తిరిగి తన్నిన గోలు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓడిన కుర్రవాడిలోని ఆటను గుర్తించింది గెలిచిన జట్టే. ఈ పోటీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇది.

ఇక బాధతో చెప్పవలసినది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో లీగ్ డెర్బీ. మైదానంలో ఇద్దరు ఆటగాళ్ళు తలపడ్డారు, రిఫరీ ఇద్దరినీ బయటికి పంపారు. రెండు జట్ల అభిమానులు కలగలిసి కూర్చున్న స్టాండులో గొడవ మొదలై, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆ తేదీన ఏటా వాళ్ళ జ్ఞాపకార్థం రక్తదానం చేస్తారు. పోటీ ఎంత అందమైనదో చెప్పేవాళ్ళు ఈ రోజును దాటేయకూడదు. ఇప్పుడు మీరు స్టేడియానికి వెళితే జట్టుకొక గ్యాలరీ, విడివిడి దారులు, పోలీసు వరుసలు కనిపిస్తాయి. ఆ ఏర్పాట్లన్నిటి వెనుకా ఆ పదహారు మంది ఉన్నారు.

1997 జూలై 13 సంగతి దీనికి పూర్తిగా వేరు. సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్. నమోదైన ప్రేక్షకుల సంఖ్య 1,31,781. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఆటగాళ్ళను వజ్రం ఆకారంలో నిలబెట్టే "డైమండ్" వ్యూహం మీద ఊరంతా మాట్లాడుకుంటున్న రోజులు. మ్యాచ్‌కు ముందు ఆయన ఎదుటి జట్టు ఆటగాళ్ళ పేర్లను ఎగతాళిగా మార్చి పిలిచారు. ఒమొలోను ఆమ్లెట్ అన్నారు, భూటియాను "చుంగ్ చుంగ్" అన్నారు. ఈస్ట్ బెంగాల్ కోచ్ పి.కె. బెనర్జీ ఆ మాటలనే తన కుర్రవాళ్ళలో కసి రగల్చడానికి వాడుకున్నారు. భూటియా మూడు గోల్స్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. పేరును ఎగతాళి చేస్తే మనిషి ఎలా ఆడతాడో ఆ రోజు లక్షమందికి పైగా చూశారు. మోహన్ బగాన్ వాళ్ళకు దీనికి జవాబు 2009 అక్టోబర్ 25, 5-3తో గెలిచిన మ్యాచ్. చిడీ ఎడే ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు.

మన తెలుగు నేలకూ ఈ కథలో పెద్ద వాటా ఉందని తెలిస్తే మీకు ఆ ఊరు కొంచెం సొంతమవుతుంది. 1949 నుంచి 1951 వరకు వరుసగా మూడుసార్లు షీల్డ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ ముందు వరుసను "పంచపాండవులు" అనేవారు: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అయిదుగురూ దక్షిణాది వాళ్ళే. తూర్పు బెంగాల్ గుర్తింపును మోస్తున్న జట్టు గోల్స్‌లో చాలావరకు దక్షిణాది కాళ్ళ నుంచి వచ్చాయి. తర్వాత సికింద్రాబాద్ నుంచి తులసీదాస్ బలరామ్ వెళ్ళారు. ఆయన ఈస్ట్ బెంగాల్, చునీ గోస్వామి మోహన్ బగాన్, ఇద్దరూ 1962లో హైదరాబాద్ కోచ్ రహీమ్ గారి శిక్షణలో ఒకే చొక్కాతో స్వర్ణం గెలిచారు. హైదరాబాద్ నుంచే వెళ్ళిన హబీబ్ రెండు క్లబ్బులకూ ఆడారు. 1977లో పీలేతో వచ్చిన అమెరికా జట్టు న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో నిలిచినప్పుడు ఒక గోలు ఆయనది. ఆయన తమ్ముడు అక్బర్ 1976 డెర్బీలో పదిహేడో సెకనులోనే గోలు కొట్టారు. నయీముద్దీన్ రెండు జట్లకూ ఆడి, రెండింటికీ కోచ్‌గా పనిచేశారు. మన డెల్టాలో ఖాళీ జాగా దొరికితే క్రికెట్టు, వాలీబాల్, కబడ్డీ. ఫుట్‌బాల్‌కు మిగిలేది తక్కువ. ఇది నాకు ఎప్పుడూ లోటుగానే ఉంటుంది. పిల్లవాడికి ఈ పేర్లు చెప్పండి.

అన్నట్టు, కోల్‌కతాలో పెద్ద క్లబ్బులు రెండే అనుకోకండి. 1891లో మొదలైన మహమ్మదన్ స్పోర్టింగ్ 1934 నుంచి 1938 వరకు వరుసగా అయిదుసార్లు లీగ్ గెలిచింది. మోహన్ బగాన్ మొదటి లీగ్ 1939లో, ఈస్ట్ బెంగాల్ మొదటిది 1942లో. ఆ మూడో జట్టు గురించి గౌరవంగా మాట్లాడితే పాతతరం వాళ్ళు మిమ్మల్ని దగ్గరికి తీసుకుంటారు.

ఈ పోటీకి ఇవాళ ఉన్న ముప్పు అభిమానుల కోపం కాదు, దాన్ని సరుకుగా చూసే ధోరణి. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగం ఏటీకే అనే కొత్త ఫ్రాంచైజీతో కలిసి ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వెళ్ళింది. క్లబ్బు పేరు ముందు ఆ మూడక్షరాలు చేరాయి. నూట ముప్పై ఏళ్ళ పేరు ముందు నిన్నటి పేరు ఏమిటని అభిమానులు మూడేళ్ళు నిరసన తెలిపారు, చివరికి 2023లో ఆ అక్షరాలు పోయి మోహన్ బగాన్ సూపర్ జెయింట్ అయింది. ఈస్ట్ బెంగాల్ అదే 2020లో ఆఖరి నిమిషంలో డబ్బు పెట్టేవారిని వెతుక్కుని లీగ్‌లో చేరి, సరైన జట్టు కట్టుకోలేక డెర్బీ వెంట డెర్బీ ఓడింది. ఆ లీగ్‌లో మొదటి డెర్బీ 2020 నవంబర్ 27న గోవాలో, కరోనా వల్ల ఖాళీ స్టేడియంలో జరిగింది. నేను ఇంట్లో టీవీలో చూశాను. బంతి తన్నిన చప్పుడు వినిపిస్తుంటే చూడలేకపోయాను. ఎదుటివాడు బలహీనపడితే సంతోషించాలి కదా అని నా మోహన్ బగాన్ మిత్రుడితో అంటే, "ఇలా గెలిస్తే చెప్పుకోవడానికి ఏముంటుంది?" అని బాధపడ్డాడు. 2023 ఆగస్టు 12న నందకుమార్ గోలుతో డ్యూరండ్ కప్పులో ఈస్ట్ బెంగాల్ 1-0తో గెలిచి ఆ వరుసను తెంచింది. అదే కప్పు ఫైనల్లో సెప్టెంబర్ 3న మోహన్ బగాన్ పదిమందితో ఆడుతూ పెట్రాటోస్ గోలుతో 1-0గా బదులు తీర్చుకుంది. మరుసటి జనవరిలో సూపర్ కప్పులో ఈస్ట్ బెంగాల్ 3-1తో గెలిచి, కప్పు కూడా తెచ్చుకుంది. అప్పుడు మళ్ళీ ఊరికి ప్రాణం వచ్చింది. వాళ్ళకు ఒకరు లేకపోతే ఇంకొకరు లేరు.

పగ అన్నారు మీరు. 2024 ఆగస్టులో జరిగినది చెబుతాను, మీరే చూడండి. ఆర్.జి. కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగి నగరమంతా రోడ్డు మీద ఉంది. ఆగస్టు 18న డ్యూరండ్ కప్పు డెర్బీ ఉంటే, భద్రత కారణం చెప్పి రద్దు చేశారు. మ్యాచ్ లేదు, టికెట్లు లేవు. అయినా రెండు క్లబ్బుల అభిమానులూ తమ తమ చొక్కాలతో, జెండాలతో స్టేడియం బయటికి వచ్చారు. మహమ్మదన్ వాళ్ళు కూడా కలిశారు. ఆకుపచ్చ, మెరూన్ పక్కన ఎరుపు, బంగారు రంగు నిలబడి ఆ అమ్మాయికి న్యాయం కావాలని ఒకే గొంతుతో అరిచాయి. లాఠీలు పడుతున్నా ఒకరినొకరు వదల్లేదు. వందేళ్ళు ఎదురెదురుగా నిలబడినవాళ్ళకు ఒకరి ముఖం ఒకరికి ఎంత బాగా తెలుసో ఆ సాయంత్రం కనిపించింది.

ఇక మీ చివరి ప్రశ్న. వెళ్ళవచ్చు, కుటుంబంతోనే వెళ్ళండి. మొదటిసారి ఆకుపచ్చ, మెరూన్, ఎరుపు, పసుపు రంగుల దుస్తులు వద్దు. తెలుపో నీలమో వేసుకోండి. టికెట్టు కొనేటప్పుడు అది ఏ జట్టు అభిమానుల గ్యాలరీయో తప్పకుండా అడగండి. ఆఫీసులో ఎవరైనా తమతో రమ్మంటే వాళ్ళతోనే వెళ్ళడం మంచిది, తిరిగి వచ్చే దారి కూడా వాళ్ళే చూసుకుంటారు. సాల్ట్ లేక్ స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది, కారు వద్దు. ఆట మొదలవడానికి చాలా ముందే లోపల కూర్చోండి. ముగిశాక పిల్లవాడు ఉన్నాడు కాబట్టి రద్దీ తగ్గేవరకు సీట్లలోనే ఉండండి.

అయితే డెర్బీతో మొదలుపెట్టకండి అంటాను. వానాకాలంలో మైదాన్‌లో ఆ క్లబ్బుల సొంత గ్రౌండ్లలో చిన్న జట్లతో లీగ్ మ్యాచులు జరుగుతుంటాయి. ఒక వారం మోహన్ బగాన్ గ్రౌండుకు, మరో వారం ఈస్ట్ బెంగాల్ గ్రౌండుకు వెళ్ళండి. అక్కడ జనం తక్కువ, ఆట దగ్గరగా కనిపిస్తుంది, ముసలివాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెబుతారు. ఏ జట్టు అన్నది మీరు నిర్ణయించనక్కర్లేదు. ఆ రెండు మధ్యాహ్నాల్లో మీ అబ్బాయి తేల్చుకుంటాడు. వాడు ఏది ఎంచుకుంటే సాయంత్రం ఆ చేపే వండించండి.